రెండు జీపులకి ఒకే విస్తరి

మా శాఖకి మనిషిలో ఊపిరితిత్తులు కనిపించేవి, కడుపు కనిపించేది కాదు. రోడ్డుకి అవతలి శాఖకి కడుపు కనిపించేది, ఊపిరితిత్తులు కనిపించేవి కావు. డెబ్బైల చివర్లో, ముంచింగిపుట్టు వెళ్ళే దారిలో ఒక కొండ ఊళ్ళో నేను నర్సుగా ఉన్న రోజుల్లో, ప్రభుత్వం ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే ఇదే చెప్పి ఉండేదాన్ని. అడిగే నాథుడు లేడు గనక నాలో నేనే గొణుక్కునేదాన్ని. గొణుగుడు నాకు పుట్టుకతో వచ్చిందని మా అమ్మ బతికున్నన్నాళ్ళూ అంటూనే ఉండేది.

మాది విజయనగరం దగ్గర పల్లె. ట్రైనింగు అయ్యాక నన్ను ఏజెన్సీకి వేశారని తెలిసి ఇంట్లో పెద్ద రభస. మలేరియా పట్టుకుంటుందని మా నాన్న, ఇక దీనికి సంబంధాలు రావని మా అమ్మ, చెరో మూల కూలబడ్డారు. నాకు మాత్రం లోలోపల సంబరంగానే ఉంది. సొంతంగా ఒక పెంకుటి గది, దాని ముందు వెడల్పాటి వరండా, తాళంచెవి నా కొంగున. అప్పటికి నేను ఊహించిన ఉద్యోగాల్లో ఇంతకంటే పెద్దది లేదు.

ఆ గదే ఆసుపత్రి. అందులో ఒక బల్ల, మందుల బీరువా, సూదులు మరగబెట్టడానికి కిరసనాయిలు స్టవ్వు. వెనక చిన్న వసారా, అందులో నా వంటా నా పడకా. సరిగ్గా ఎదురుగా, రోడ్డుకి ఆ పక్కన, సంక్షేమ శాఖవారి గోడౌను, దాని పక్కన వంట పాక. ఆ పాకలో పొద్దున్నే గోధుమ నూక జావ కాచి చిన్నపిల్లలకీ, కడుపుతో ఉన్నవాళ్ళకీ, పాలిచ్చే తల్లులకీ పోసేవారు. దానికి కాస్త పైన వాళ్ళదే పిల్లల హాస్టలు.

అదంతా చూసుకునేది శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక పెద్దాయన. నేను ఆయన్ని బాబాయ్ అనేదాన్ని. ఆయన నన్ను మంచి మూడ్‌లో ఉంటే అమ్మా అనీ, లేకపోతే నర్సమ్మా అనీ పిలిచేవాడు. నా దగ్గరికి జ్వరానికి మందు కోసం వచ్చేవాడు, నేను ఆయన దగ్గరికి పెరుగు తోడు కోసం వెళ్ళేదాన్ని. అంతవరకూ బాగానే ఉండేది. ఉద్యోగం మాట వస్తే మాత్రం ఇద్దరం ఎడమొహం పెడమొహం.

చలికాలం వెళ్ళిపోతుండగా, కొండ మీది ఊరి నుంచి ఒక అత్త తన కోడల్ని దింపుకుని వచ్చింది. ఆ ఊరు గెడ్డ, అంటే కొండవాగు, దాటి పైకి ఒక పూట నడక. కోడలికి పాతికేళ్ళు కూడా ఉండవు, దగ్గితే గుడ్డ మీద ఎర్రగా పడుతోంది. మొగుడు గూడెం కొత్తవీధి వైపు కాఫీ తోటల్లో పనికి పోయాడు. కొంగు పట్టుకుని ఒక ఆడపిల్ల, ఇంకా బడి ఈడు రాలేదు. నన్ను చూడగానే తల్లి వెనక్కి నక్కి, "సూదమ్మ" అంది. ఆ ఊళ్ళో నా పేరు అదే.

సంత రోజున జీపులో వచ్చే మా డాక్టరు గారు ఆమె వీపుకి గొట్టం పెట్టి విని, నన్ను పక్కకి పిలిచారు. రోజూ సూది పడాలి, రెండు నెలలు ఒక్క రోజు కూడా తప్పకూడదు, ఆ తర్వాత చాలాకాలం మాత్రలు. "మధ్యలో ఆపితే ఇక ఏ మందూ మాట వినదమ్మా" అన్నారు. నాకు ఆ మాట కొత్త కాదు. అంతకు ముందు ఒకాయన ఇలాగే వరండాలో ఉండి, తెచ్చుకున్న గింజలు అయిపోగానే సగం సూదులతో కొండెక్కిపోయాడు. మళ్ళీ దిగలేదు. ఆయన చాప చాలారోజులు వరండాలోనే ఉండిపోయింది, తీసి పారేయడానికి నాకు చేతులు రాలేదు.

రోజూ సూదికి కొండ దిగి రావడం ఆరోగ్యంగా ఉన్నవాడి వల్లే కాదు, ఆమె వల్ల ఎక్కడ అవుతుంది? కనక వరండాలోనే ఉండాలి. ఉంటే తినాలి. మందు మా శాఖ ఇస్తుంది, తిండి ఇవ్వదు. అత్త ఒక మూట చోళ్ళు, అంటే రాగులు, కోడలి దగ్గర పెట్టి, మేకల్ని చూసుకోవాలని వెళ్ళిపోయింది. ఆ మూట ఎన్ని రోజులొస్తుందో వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను, రెండు నెలలకి చాలదు. నా కుండలోంచి పెట్టకపోలేదు. కానీ వరండాలో ఎప్పుడూ ముగ్గురో నలుగురో ఉండేవారు, అందరికీ వండిపెట్టే జీతం నాది కాదు. ఆమె కూడా నేను పెట్టింది రెండు ముద్దలు తిని, చాలని ఆకు మడిచేసేది.

ఎదురుగా పాకలో మాత్రం రోజూ జావ ఉడికేది. పిల్లకి ఆ జావ వచ్చేది, పిల్ల పద్దు ఉంది. తల్లికి లేదు. ఆ పిల్ల వరసలో కూర్చుని, ఆకు దొప్పలో పోసిన జావ రెండు గుటకలు తాగి, మిగతాది గుడ్డ కింద దాచుకుని రోడ్డు దాటి వచ్చేది. సగం దారిలోనే ఒలికిపోయేది. మిగిలింది తల్లి తాగుతుంటే పక్కన కూర్చుని చూస్తుండేది. ఒకరోజు పెద్దాయన ఆ పిల్లని రోడ్డు మధ్యలో ఆపి వెనక్కి తీసుకుపోయాడు. నేను సూది బల్ల మీద పడేసి వెళ్ళాను.

"బాబాయ్, ఆ గుంటని ఎందుకు ఆపారు?"

"ఆపక ఏటి సెయ్యమంటావు? ఇక్కడ కూకునే తాగాల. ఎత్తుకుపోకూడదు. రూలు."

"వాళ్ళమ్మకి ఇస్తోంది."

"నాకు కళ్ళు లేవనుకున్నావా? ఆ అమ్మ కడుపుతో ఉందా? లేదు. సంటిపిల్ల ఉందా? లేదు. ఏ పద్దులో పొయ్యమంటావో సెప్పు, ఇప్పుడే పోత్తాను."

"ఆకలి పద్దులో పొయ్యండి."

"ఆ పద్దు పైనోళ్ళు ఇయ్యలేదు" అన్నాడాయన, కోపంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టు. తర్వాత కోపం తెచ్చుకున్నాడు. "నన్నంటున్నావు. హాస్టల్లో పిల్లలు గజ్జితో గీరుకుని గీరుకుని సస్తన్నారు. గజ్జి మందు సీసా ఒకటియ్యమని ఎన్నిసార్లు అడిగాను? నువ్వేటి సేత్తన్నావు?"

మందులు మా గదికి వచ్చి వరసలో నిలబడ్డవాళ్ళకే గానీ వేరే శాఖ హాస్టలుకి పంపేందుకు కాదని మా రూలు. అది ఆయనకీ తెలుసు. ఇద్దరం ఒకరినొకరు మింగేసేలా చూసుకుని, ఎవరి చోటుకి వాళ్ళం వెళ్ళిపోయాం.

తర్వాత కొద్ది రోజులకే ఒక పొద్దున లేచి చూస్తే వరండా ఖాళీ. చాప చుట్టి గోడకి ఆనించి ఉంది. చోళ్ళ మూట కనబడలేదు. నాకు ముందు ఒళ్ళు మండింది, తర్వాత ఏడుపొచ్చింది. పాత చాప గుర్తొచ్చింది. సూది డబ్బా సంచీలో పెట్టుకుని, గెడ్డ దాటి, రొప్పుతూ ఆ ఊరెక్కాను. నన్ను చూసి కోడలు లోపలికి పోయింది. అత్త మేక పాలు కాచి ఇచ్చింది.

అత్తకి సంతల్లో తిరిగిన తెలుగు వచ్చు. "తిండి లేకండా నీ కాడ ఎలాగుంటాది? ఇంటి కాడ సచ్చినా గెంజి నీళ్ళన్నా తాగి సత్తాది" అంది. బతిమాలాను. కసిరాను. చివరికి అత్త పక్కింట్లో అడిగి ఇంకో మూట గింజలు తెచ్చింది. "ఇయి అయ్యేదాకా ఉంటాది. ఇయి అయిపోతే తీసుకుపోతాను. నువ్వు మరి మాటాడకూడదు" అని ఒప్పందం. అలా ఆమెని మళ్ళీ దింపుకొచ్చాను. ఆ రోజు నుంచి నేను పొద్దున్నే లేచి ముందు ఆ మూట చూసేదాన్ని, తర్వాతే రోగుల్ని.

మూట అడుగుకి దిగేసరికి చైత్రమాసం, ఇటుకల పండగ వచ్చాయి. పండగ రోజుల్లో మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని అడవికి వేటకి పోతారు. ఊళ్ళో ఆడవాళ్ళదే రాజ్యం. రోడ్డుకి అడ్డంగా వెదురు గెడ కట్టి, దాని ముందు ఆడుతూ పాడుతూ దారినపోయే ప్రతివాడినీ ఆపుతారు. ఏదో ఒకటి ఇవ్వందే గెడ లేవదు. ఆ వచ్చినదానితో ఊరంతా కలిసి వండుకుంటారు. ఆ ఊరి పద్ధతి ఇంకొకటి ఉంది. ఇచ్చినవాడు తిని గానీ పోకూడదు. ఇంటికి ఒకటే వాటా, ఇంటికి ఒకటే విస్తరి. ఒకే ఇంటి బండి రెండోది వస్తే దాని దగ్గర తీసుకోవడం తప్పు, దొంగతనంతో సమానం.

ఆ అత్త పుట్టింది ఈ రోడ్డు మీది ఊళ్ళోనే. ఊరి ఆడపడుచుల్లో పెద్దది కనక ఆ ఏడు గెడ ఆమె చేతికి వచ్చింది. సరిగ్గా మా వరండా ఎదటే కట్టించింది. కోడలు దుప్పటి కప్పుకుని గోడకి ఆనుకుని చూస్తోంది. పిల్ల గెడ మీద ఊగుతోంది.

పొద్దున మా డాక్టరు గారి జీపు వచ్చింది. ఆయనకిది అలవాటే, నవ్వుతూ జేబులోంచి తీసి ఇచ్చారు. కాసేపటికి సంక్షేమ శాఖ ఆఫీసరు జీపు వచ్చింది. కుర్రాడు, కొత్తగా వచ్చాడు, మడత నలగని ప్యాంటు. ఆయన కూడా పర్సు తీశాడు. అత్త తీసుకోలేదు. జీపుని చుట్టూ తిరిగి చూసింది. అదే రంగు, ముందు అవే తెల్ల అక్షరాలు. వెనక్కి తిరిగి, వరండాలో ఉన్న కోడల్ని వాళ్ళ భాషలో ఏదో అడిగింది. కోడలు ఏదో చెప్పింది. అత్త తలాడించి గెడ ఎత్తేసింది.

"మీ ఇంటోళ్ళు ఇచ్చీసినారు బాబూ. నువ్వు ఎల్లు" అంది.

ఆఫీసరుకి అర్థం కాలేదు గానీ ఊరికే పోనిస్తే ఎవరికి చేదు? పర్సు జేబులో పెట్టుకుని గోడౌను చూడటానికి వెళ్ళిపోయాడు. నేను స్టవ్వు ముందు నవ్వు ఆపుకోలేకపోయాను.

అసలు తమాషా మధ్యాహ్నం. మగవాళ్ళు అడవంతా తిరిగి ఒక్క కుందేలుతో వచ్చి, ఆడవాళ్ళ వెక్కిరింతలకి తలలు వంచుకుని కూర్చున్నారు. వసూలైనదానితో తెచ్చిన బియ్యం, గుమ్మడికాయ కూర, పప్పు ఉడికాయి. ఆఫీసర్లిద్దరూ పని ముగించుకుని బయల్దేరబోతే గెడ దిగే ఉంది. తినందే లేవదు. సరేనని వచ్చి చింతచెట్టు నీడలో కూర్చున్నారు. అత్త వాళ్ళిద్దరి మధ్యా ఒకే ఒక్క అడ్డాకు విస్తరి పరిచింది. నీళ్ళు చల్లి, మధ్యలో అన్నం గుట్టగా పోసింది.

ఇద్దరూ విస్తరిని చూశారు. ఒకరినొకరు చూసుకున్నారు. పాడేరులో వాళ్ళ ఆఫీసులు ఒకే వీధిలో ఉండేవి. ఒకరికొకరు పేరు తెలుసు, అంతే.

"మేం వేరువేరు అమ్మా" అన్నాడు కుర్ర ఆఫీసరు.

అత్త మొహంలో జాలి కనిపించింది. "అన్నదమ్ములు ఏరు పడిపోనారా?" అంది. "పడితే పడినారు. పండగ నాడు కలిసి తినండి. ఒక తండ్రి బిడ్డలే గదా."

డాక్టరు గారు బట్టతల మీద చెయ్యి వేసుకుని పకపకా నవ్వారు. "కానివ్వండి సార్, తండ్రి సంగతి తర్వాత తేల్చుకుందాం" అని తన వైపు నుంచి మొదలుపెట్టారు. కుర్రాయన మొహమాటపడుతూ రెండో అంచు నుంచి. నేను కూర వడ్డిస్తున్నాను. మా పెద్దాయన దూరంగా నిలబడి, తన పై ఆఫీసరు ఎక్కడ ఏం మాట అంటాడోనని చేతులు నలుపుకుంటున్నాడు.

అప్పుడే ఆ పిల్ల తన వాటా అన్నం దొప్పలో పెట్టుకుని, అలవాటు కొద్దీ గుడ్డ కింద దాచుకుని, మా ముందు నుంచే రోడ్డు దాటింది. పండగ అన్నం దాచక్కర్లేదు, ఎవరైనా ఎక్కడికైనా పట్టుకుపోవచ్చు. ఆ సంగతి పిల్లకి తెలీదు. "ఏం దాస్తోందది?" అన్నాడు ఆఫీసరు.

నాకు ఇక నోరాగలేదు. గరిటె గిన్నెలో పడేశాను. "వాళ్ళమ్మకి సార్. ఆ వరండాలో ఉన్నామెకి. మందు ఈయన గారిది, జావ మీది, మధ్యలో రోడ్డు. ఆమెకి సూదులు సగమే అయ్యాయి, గింజలు రేపో ఎల్లుండో అయిపోతాయి. అయిపోతే కొండెక్కిపోతుంది. ఎక్కితే దిగదు. ఇంతకు ముందు ఎక్కినాయన దిగలేదు." కింది ఉద్యోగిని, అలా మాట్లాడకూడదు. మాట్లాడేశాను.

ఇద్దరూ ముద్ద ఆపి వరండా వైపు చూశారు. పిల్ల దొప్ప తీసి తల్లి ఒళ్ళో పెట్టింది.

"నా దగ్గర నూక బస్తాలున్నాయి, పాకలు కట్టించడానికి డబ్బుంది" అన్నాడు కుర్రాయన నెమ్మదిగా. "రోగుల పద్దు లేదు."

"నా దగ్గర రోగులున్నారు, మందుంది. పాక పద్దూ లేదు, నూక పద్దూ లేదు" అన్నారు డాక్టరు గారు.

"సగం మీ పద్దు, సగం మా పద్దు వేసి ఒకచోట పెడితే పైవాళ్ళు ఒప్పుకుంటారా?"

"ఇద్దరం కలిసి అడిగితే ఏమంటారో చూద్దాం. ఇన్నాళ్ళూ ఎవరికి వాళ్ళం అడిగాం."

అప్పటికి ఇద్దరి చేతులూ విస్తరి మధ్యకి వచ్చేశాయి. కుర్రాయన పెద్దాయన్ని పిలిచి, ఆర్డరు వచ్చేదాకా వరండాలో సూది పడేవాళ్ళందరికీ రేపటి నుంచి జావ పొయ్యమన్నాడు. పెద్దాయన తల గోక్కున్నాడు. "నోటి మాట మీద పోత్తే రేపు నా ఉద్యోగం ఊడిపోద్ది బాబూ. కాయితం మీద ఇప్పించండి."

"అన్నం చేత్తో ఎలా రాయమంటావయ్యా? కడుక్కోనీ" అన్నాడు ఆఫీసరు. కడుక్కుని రాసిచ్చాడు కూడా. తర్వాత గెడ లేచింది. రెండు జీపులూ ఒకదాని వెనక ఒకటి వెళ్ళాయి.

మర్నాడు పొద్దున పెద్దాయన తనే గిన్నె పట్టుకుని రోడ్డు దాటాడు. అన్నాళ్ళలో ఆయన నా వరండా ఎక్కి ఇంకొకరికి ఏదైనా పెట్టడం అదే మొదలు. ఆమె మొహమాటపడితే, "తాగమ్మా, నీకిప్పుడు పద్దుంది" అన్నాడు. నేను గజ్జి మందు సీసాలు రెండు ఆయన చేతిలో పెట్టాను. ఆయన వాటిని వెలుగులో పెట్టి చూసి, కండువాలో మూట కట్టుకున్నాడు. సంతోషం నాకు ముంచుకొచ్చింది, దాచుకోలేదు.

అసలు కాయితం పాడేరు పోయి, అక్కడి నుంచి ఇంకా పైకి పోయి, వానాకాలమంతా తిరిగి వచ్చింది. రెండు శాఖల డబ్బూ కలిపి నా గది పక్కన రేకుల పాక ఒకటి లేచింది. సూదుల కోసం ఉండిపోయేవాళ్ళు అందులో పడుకోవచ్చు, రెండు పూటలా తినవచ్చు. బోర్డు మీద ఎవరి శాఖ పేరు ముందుండాలన్న దగ్గర పేచీ వచ్చి, ఎంతకీ తెగక, అసలు బోర్డే పెట్టలేదు. దానికోసం కొట్టిన మేకులు మాత్రం ఉన్నాయి. వాటికి రోగులు సంచులు తగిలించుకునేవారు.

ఆమె సూదులన్నీ పూర్తిచేసింది. బుగ్గలు నిండాయి. అత్త వచ్చి తీసుకుపోయిన రోజున, కొండెక్కే కోడల్ని చూస్తూ నేను ఈసారి భయపడలేదు. మాత్రలకి నెల నెలా తనే దిగేది, దిగినప్పుడల్లా ఏ కందదుంపలో, చింతపండో తెచ్చేది.

మళ్ళీ చైత్రానికి నాకు బదిలీ అయింది. మా డాక్టరు గారు పొద్దున్నే పండగ వాటా ఇచ్చి, భోజనాల వేళకి వస్తామని జీపులో పై ఊళ్ళకి వెళ్ళారు. నా పెట్టె, నేను సంక్షేమ శాఖ జీపులో బయల్దేరాం. అప్పటికి ఆ మాత్రం చుట్టరికం కలిసింది. పాక దాటామో లేదో వెదురు గెడ. అత్తకి మోకాళ్ళ నొప్పులు, చింతచెట్టు కింద కూర్చుని పాడుతోంది. గెడ పట్టుకున్నది కోడలు. పక్కన పిల్ల.

దుఃఖం కనబడకుండా ఉండాలని నేను వేళాకోళానికి దిగాను. "ఇది ఆ ఇంటి బండే. మా ఇంటోళ్ళు పొద్దున్నే ఇచ్చేశారు. గెడ ఎత్తు" అన్నాను.

ఆమె ఎత్తలేదు. జీపు దగ్గరికి వచ్చి, అత్తకి వినబడకుండా గొంతు తగ్గించింది. ఏడాదిలో తెలుగు బాగా పట్టుబడింది.

"ఏరేరు ఇళ్ళని నాకు తెలుసమ్మా" అంది. "అన్నాళ్ళు నీ వరండాలో పడున్నాను. ఏ బండి ఏ గుమ్మం కాడ ఆగుతాదో వచ్చినప్పుడల్లా చూడలేదా? ఒకటే ఇల్లయితే మా గుంట గెంజి దాచుకుని తేవడం ఏటి?"

"మరి ఆ రోజు మీ అత్త నిన్నేదో అడిగింది కదా."

"ఇదీ ఆ ఇంటి బండేనా అని అడిగింది. ఔనన్నాను." ఆమె చెయ్యి చాపింది. "ఏరే ఇల్లని సెప్తే అత్త రెండాకులు ఏసును గదా."

నేను చిల్లర ఆమె చేతిలో వేసి, భోజనానికి జీపు దిగాను.